ఫోనెత్తని సాయిబు

రత్తయ్య గట్టు ఎక్కేసరికి మిరపతోట సాళ్లలో నీళ్లు మడుగు కట్టి ఉన్నాయి. పక్క చేలో బుడే సాహెబ్ కొత్తగా వేయించిన పైపులైను సరిహద్దు దగ్గర జాయింటు ఊడి, మూతి రత్తయ్య తోటవైపు తిప్పుకుని పడుంది.

అదృష్టం, మోటారు ఆగే ఉంది. మళ్లీ వేసేలోపు చెప్పాలి. కానీ చేలో నరపురుగు లేదు, మోటారు షెడ్డుకు తాళం. బుడే సాహెబ్‌ది జగ్గయ్యపేటలో టైర్ల షాపు. చేను కొని ఎంతో కాలం కాలేదు, అతని నంబరు రత్తయ్య దగ్గర లేదు. చూస్తే షెడ్డు తలుపు మీదే ఎర్రరంగుతో ఫోన్ నంబరు రాసి ఉంది. కొట్టాడు.

ఒక్క రింగు. కట్టయింది.

మరుక్షణం షెడ్డులో మోటారు గుర్రుమంది. ఊడిన పైపులోంచి నీళ్లు ఎగిరొచ్చి తోటలో పడ్డాయి.

"ఓరి నాయనో! చెప్పేది వినకుండా మోటారేశాడే!" అన్నాడు రత్తయ్య. షాపులో కూర్చుని సెల్లుతోనే మోటారు వేసే స్టార్టరు పెట్టించాడని ఊళ్లో అందరూ అనుకుంటున్నదే.

తలపాగా విప్పి పైపు మూతికి బిగించి కట్టాడు. నీళ్లు దాన్ని ఊడబెరికి అతని మొహానే కొట్టాయి. బురదలో వెల్లకిలా పడ్డాడు.

కాసేపటికి మోటారు ఆగింది. బుద్ధొచ్చిందనుకుని మళ్లీ ఫోన్ చేశాడు. కట్! వెంటనే మోటారు. అది ఆగాక ఇంకోసారి చేశాడు. కట్, మోటారు!

"నాతోనే ఆటలా? నీ సంగతి చెప్తా!" అంటూ బండి తీశాడు.

షాపులో బుడే సాహెబ్ టీ తాగుతున్నాడు. తలనుంచి కాళ్లదాకా బురదతో ఊడిపడ్డ రత్తయ్యను చూసి లేచి నిలబడ్డాడు.

"ఏందన్నా ఈ అవతారం? కూర్చో, టీ చెప్తా."

"నీ టీ ఎవడిక్కావాలయ్యా! తోట మునిగిపోతంది మొర్రో అని ఫోన్ చేస్తంటే, కట్ చేసి మోటారేస్తావా? పచ్చటి మిరపతోట చంపితే నీకేం వస్తది?"

"నాకు నువ్వు ఫోనే చెయ్యలా. అల్లా మీద ఒట్టు!"

"అబద్ధం! ఇదిగో, నీ ఎదురుగానే చేస్తన్నా చూడు."

ఒక్క రింగు. కట్టయింది. బల్ల మీదున్న బుడే సాహెబ్ ఫోను మాత్రం కిమ్మనలేదు. అతను రత్తయ్య ఫోను లాక్కుని నంబరు చూసి నెత్తి బాదుకున్నాడు.

"ఇది నాది కాదన్నా, స్టార్టరులో వేసిన సిమ్ము నంబరు! మర్చిపోతానని తలుపు మీద రాయించా. దీనికి రింగు కొట్టినప్పుడల్లా ఫోను కట్టయి, మోటారు లేచి పావుగంట తిరుగుద్ది. నీ తోటని నువ్వే ముంచుకున్నావు!"

రత్తయ్య టైరు మీద కూలబడ్డాడు.

"పోన్లే, ఊరుకో. జాయింటు ఇప్పుడే వచ్చి బిగిస్తా. నువ్వింక ఆ నంబరుకి చెయ్యమాక, చాలు."

"నేను చెయ్యనండి సాయిబు గారూ," అన్నాడు రత్తయ్య ఏడుపు గొంతుతో. "కానీ వస్తా వస్తా ఆ నంబరు ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టా... పొద్దుగూకేదాకా ఒకళ్ల తర్వాత ఒకళ్లు ఫోన్ చేసి కడిగెయ్యండని!"