రాసిచ్చిన సెలవులు

భర్త పోయిన రోజుకి వైదేహికి మిగిలిన సెలవులు మూడే. తక్కినవన్నీ ఆసుపత్రికే అయిపోయాయి. నాలుగోరోజు పొద్దున స్కూలుకి బయల్దేరి స్నో బూట్లు వేసుకుంటుంటే తోటి టీచర్ నమ్రత వచ్చింది.

"ఎక్కడికక్కా? నెలాఖరు దాకా మీకు లీవే. స్కూల్లో అందరూ తమ లీవుల్లోంచి కొన్ని రోజులు మీ పేర రాసిచ్చారు."

"ఊరుకో. ఎవరి సెలవు వాళ్ళకే చాలదీ దేశంలో. ఊరికే ఎవరిస్తారు?"

నమ్రత ఫోన్‌లో లిస్టు చూపించింది. మొదటి పేరు డెబ్రా, ఐదు రోజులు.

"డెబ్రానా? మాటిమాటికీ సెలవు పెడుతుందని పోయిన నెలే కదా ఆవిడ మీద ప్రిన్సిపాల్‌కి కంప్లయింట్ ఇచ్చాను!"

"ఆ సంగతి ఆవిడకి తెలుసక్కా. ఆవిడ దగ్గర మిగిలినవే ఐదు."

వైదేహికి ఏడుపు రాలేదు. వేసుకున్న బూటు విప్పి పక్కన పెట్టింది.

ఆ ఫిర్యాదును మాత్రం ఆమె ఇంకా వెనక్కి తీసుకోలేదు.