కొండ ఊరి కష్టాలు

"ఆ కొండల్లోకి నేను రాను. రేపే ఆఫీసుకెళ్ళి ట్రాన్స్‌ఫర్ రద్దు చేయించుకోండి," అంది సరోజిని, కుక్కర్ మూత బిగిస్తూ.

"రూపధార్ అంటే రాజుల కాలం నాటి ఊరు సరోజా. ఇప్పుడక్కడ పనిచేస్తున్న వీరరాఘవులు ఢిల్లీ వచ్చాడు. ఇవాళ భోజనానికి పిలిచాను. ఎలా ఉంటుందో అతన్నే అడుగు," అన్నాడు రాజగోపాల్.

"మీరు వెళ్తేగానీ ఆయన అక్కణ్ణించి బయటపడడు. ఆహా, ఓహో అనక ఇంకేమంటాడు?"

మధ్యాహ్నం వీరరాఘవులు వచ్చాడు. మునిర్కా పేటలో వాళ్ళింటి ఇరుకు మెట్లు మూడంతస్తులెక్కినా ఆయాసపడలేదు. పప్పులో నెయ్యి కలుపుకుంటూ తనే మొదలుపెట్టాడు.

"చెల్లెమ్మా, మొహమాటం లేకుండా చెప్తున్నా. ఆ ఊరు మీకు పడదు."

సరోజిని ఆశ్చర్యపోయింది. నిజాయితీపరుడే అనుకుంది.

"అంత చలా అన్నయ్యగారూ?"

"చలి ఒక్కటేనా? అన్నీ పాతకాలపు రాతి ఇళ్ళు. గుమ్మాల మీద చెక్కడాలు బాగానే ఉంటాయిగానీ, వంగి వెళ్ళకపోతే నుదురు బొప్పి కడుతుంది. బజారంతా మెట్లే. రిక్షా కూడా పోదు. ఉల్లిపాయలకి వెళ్తే పూట గడిచిపోతుంది."

"మెట్లెక్కలేకనా?"

"ఎక్కనిస్తేగా. ప్రతి అరుగు మీదా ఎవరో ఒకరు 'ఆవో భయ్యా, చాయ్ పీకే జావో' అంటూ టీకి కూర్చోబెడతారు. ఆగకుండా వెళ్ళామా, మర్నాడు ఇంటికొచ్చి ఎందుకు కోపమొచ్చిందని అడుగుతారు."

సరోజిని గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"మరి కరెంటు?"

"చీకటి పడగానే పోతుంది. ఇక వీధి వీధంతా పాత కోట మెట్ల మీద చేరి పాటలు. పొరపాటున దగ్గామా, ఇంటికో రకం కషాయం పట్టుకొస్తారు. అన్నీ తాగాల్సిందే. తలుపేసుకుని మన మానాన మనం ఉందామంటే కుదరదు. తెల్లారీ తెల్లారకుండానే మంచుకొండల వెలుగు మొహాన కొడుతుంది."

సరోజిని గుమ్మం వైపు చూసింది. పోయిన నెల జ్వరంతో తూలుతూ ఎదురింటి తలుపు తట్టినప్పుడు, వాళ్ళు గొలుసైనా తియ్యకుండా సందులోంచే "కౌన్?" అని, ఎవరో కొత్తమనిషిని అడిగినట్టు అడిగారు. అప్పటికి మూడేళ్ళ ఇరుగుపొరుగు.

"ఏమండీ, సామాన్లు సర్దడం మొదలుపెడదాం," అంది మెల్లగా. "వెళ్దాం."

రాజగోపాల్ చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. వీరరాఘవులు మొహం పాలిపోయింది.

"తొందరపడకండి చెల్లెమ్మా. ఇంకోసారి ఆలోచించుకోండి."

"ఆలోచించడానికేముంది? మీకూ విముక్తి కదా అన్నయ్యగారూ."

వీరరాఘవులు కంచం పక్కకి జరిపాడు.

"విముక్తి ఎవరికి కావాలమ్మా?" అన్నాడు. "మీరు భయపడి మానేస్తే నన్ను అక్కడే ఉంచేస్తారన్న ఆశతో వచ్చాను."