ఆరున్నర టేబుల్

"ఆరు కావడానికి ఇంకా రెండు నిమిషాలుంది. ఈసారి గానీ స్టేక్ హౌస్ తప్పిపోయిందో, ఆ రెండో చెయ్యి కూడా చూసుకుంటా," అన్నాడు వెండెల్.

అతని భార్య కొరీన్ వంటింటి బల్ల మీద లాప్‌టాప్ ముందు, కట్టు కట్టిన కుడి చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎడమ చేత్తో మౌస్ పట్టుకుని కూర్చుంది. వేళ్ళు కారు తలుపులో పడ్డాయని పోయిన వారం డాక్టరుకి చెప్పింది. ఆ తలుపు వేసిందెవరో మెట్ల మీద కూర్చుని చూస్తున్న పదకొండేళ్ళ కూతురు బ్రెన్నాకి తెలుసు.

వాళ్ళు సెలవులకి వెళ్ళే ఓర్లాండో వినోదాల పార్కులో కూర్చుని తినే రెస్టారెంట్లకి, దిగే రోజుకి సరిగ్గా అరవై రోజుల ముందు, పొద్దున్న ఆరింటికి బసంతటికీ బుకింగ్ తెరుస్తారు. మంచివన్నీ ఐదు నిమిషాల్లో ఎగిరిపోతాయి. రెండేళ్ళ కిందట కొరీన్ ఏడు నిమిషాలు ఆలస్యం చేసింది. ఆఖరి రోజు స్టేక్ హౌస్‌లో కాల్చిన మాంసానికి బదులు క్యూలో నిలబడి ట్రేలో బర్గర్లు తెచ్చుకోవలసి వచ్చింది. వెండెల్ ఆ ట్రేనే హోటల్ గదిలో ఆమె మొహం మీద విసిరికొట్టాడు. పై పెదవి మీద మచ్చ ఇంకా పోలేదు.

ఆరయింది. వెండెల్ చెబుతూ పోయాడు, ఆమె నొక్కుతూ పోయింది. ఆరు రోజులు, రోజుకి రెండు భోజనాలు. చివరిదానికి వచ్చేసరికి అతను కాఫీ పోసుకోవడానికి లేచాడు.

"దొరికిందా?"

"దొరికింది. ఆఖరి రోజు, ఆరున్నరకి."

మెచ్చుకుంటున్నట్టు ఆమె చెంప మీద తట్టాడు. ఆ తట్టుడికి చెంప ఎర్రబడింది. కొరీన్ రెస్టారెంట్ల పేర్లు, వేళలు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించింది.

మధ్యాహ్నం భోజనాలు కూడా పెడదామని అమ్మే ఎందుకు అందో తనకి అర్థమైందనుకుంది బ్రెన్నా. తెల్లబట్ట పరిచిన బల్ల ముందు, వెయిటరు "సర్" అంటూ వంగితే, వెండెల్ అంతటి పెద్దమనిషి వాళ్ళ ఒహాయో రాష్ట్రం మొత్తంలో ఉండడు. అక్కడ కొట్టడు. ఒక్కో భోజనానికి గంటన్నర చొప్పున, పన్నెండు భోజనాలకి పద్దెనిమిది గంటలు అమ్మ ఒంటి మీద దెబ్బ పడదు. అందుకే ఆ పన్నెండు భోజనాలకీ వేళ తప్పకుండా వెళ్ళగలిగితే చాలనుకుంది. ఆ పిల్లకి నాన్నంటే అసహ్యమూ ఉంది, భయమూ ఉంది. భయమే ఎక్కువ.

ఓర్లాండోలో మొదటి మూడు రోజులూ వేళ తప్పలేదు. బల్ల సిద్ధం కాగానే ముందు కొరీన్ ఫోన్‌కి మెసేజ్ వచ్చేది, తరవాత గుమ్మం దగ్గర అమ్మాయి "టాల్బట్, నలుగురు" అని ఇంటిపేరూ లెక్కా కలిపి పిలిచేది. నాలుగో రోజు ఈతకొలను దగ్గర వెండెల్‌కి సొంతవూరి మనిషొకడు తగిలాడు. వెండెల్ అతన్నీ అతని భార్యనీ స్టేక్‌కి పిలిచేశాడు.

"ఇంకో ఇద్దర్ని కలిపెయ్," అన్నాడు లిఫ్ట్ ఎక్కుతూ.

"ఆ రోజు ఎంతమందని పెట్టామో అంతే వెండెల్. ఇప్పుడు మార్చడం కుదరదు, అంతా నిండిపోయింది."

లిఫ్ట్ తలుపులు మూసుకున్నాయి. అతను ఆమె జుట్టు పట్టుకుని తలని ఇనుప గోడకి కొట్టాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. నాలుగేళ్ళ చెల్లెలు జూనీ కళ్ళు బ్రెన్నా తన అరచేత్తో మూసింది. నాలుగో అంతస్తులో తలుపులు తెరుచుకునేసరికి వెండెల్ జుట్టు వదిలేసి, ఎదురుగా నిలబడ్డ ముసలి దంపతులని నవ్వుతూ పలకరిస్తున్నాడు.

సొంతవూరి వాళ్ళకి వెండెల్ ఏదో సాకు చెప్పి తప్పించాడు. ఆఖరి రోజు పొద్దున్నుంచీ కొరీన్ ఒక పెద్ద సంచీ భుజం మీంచి దించలేదు. వాన వస్తే పిల్లలకి బట్టలంది. ఎప్పుడూ పక్క మీదే ఉండే జూనీ బొమ్మ కుందేలు చెవి కూడా అందులోంచి కనబడుతోంది. గాడిద బరువు మోస్తున్నావని వెండెల్ ఎగతాళి చేశాడు.

స్టేక్ హౌస్‌కి ముప్పావుగంట ముందే చేరారు. కొరీన్ వచ్చామని ఫోన్‌లో నొక్కి, బల్లకి ఇంకా సమయం పడుతుందట అంది. బార్ దగ్గర ఎత్తు కుర్చీల్లో కూర్చున్నారు. వెండెల్ రెండో బీరు మొదలుపెట్టాడు. అప్పుడే కొరీన్ మోచెయ్యి తగిలి నారింజ రసం గ్లాసు జూనీ గౌను మీద ఒలికింది.

బ్రెన్నా చటుక్కున అమ్మ వైపు చూసింది. అమ్మ చేతిలోంచి ఎప్పుడూ ఏదీ జారదు. జారితే ఏమవుతుందో అమ్మకి తెలుసు.

బార్ మనిషిని చూసి నవ్వుతూనే వెండెల్ కౌంటరు కింద భార్య చెయ్యి అందుకున్నాడు. వంకరగా అతుక్కున్న రెండు వేళ్ళూ పట్టుకుని వెనక్కి విరిచాడు. పుటుక్కుమన్న చప్పుడు బ్రెన్నాకి వినబడింది. కొరీన్ మొహం పాలిపోయింది, నోట్లోంచి మాత్రం ఊపిరి కూడా బయటికి రాలేదు.

"గదికి తీసుకెళ్ళి బట్టలు మార్చుకురా," అన్నాడు మెల్లగా. "టేబుల్‌కి పిలిచేసరికి నా ఎదురుగా లేకపోయావో, ఈ రాత్రి నీకు ఆఖరిది."

"బ్రెన్నా, నువ్వూ రా. చెల్లిని పట్టుకో," అంది కొరీన్.

కొరీన్ పిల్లలతో కనబడ్డ మొదటి బస్సే ఎక్కింది, అది హోటల్‌కి వెళ్ళేదో కాదో కూడా చూడలేదు. బస్సు నత్తనడక నడుస్తోంది. ఆరూ ఇరవై. ఆరున్నర. జూనీ కుందేల్ని పట్టుకుని నిద్రపోయింది. అమ్మ చెయ్యి ఉబ్బి నల్లబడుతోంది, అయినా ఆవిడ నిమ్మళంగా కూర్చుని ఉంది. ఆ నిమ్మళం చూసి బ్రెన్నాకి ఏడుపొచ్చింది.

"అమ్మా, ఈపాటికి పిలిచేస్తారు. దిగి పరిగెడదాం. నాన్న చంపేస్తాడమ్మా."

కొరీన్ ఎడమ చేత్తో కూతురి తల నిమిరింది. సంచీలో ఫోన్ మోగింది.

"నువ్వే చూడు తల్లీ. కుడి చెయ్యి లేవట్లేదు."

బ్రెన్నా మెసేజ్ తెరిచింది.

"మీ టేబుల్ సిద్ధంగా ఉంది: టాల్బట్, ఒక్కరు."