చేతులు దించు!

"చేతులు దించు!" అని అరిచాడు రఘుపతి సారు.

ఇస్రాయేలు ఉలిక్కిపడి, ఛాతీ మీద కట్టుకున్న చేతులు కిందికి వదిలేశాడు. వెనక కూర్చున్నవాళ్లు కిసుక్కుమన్నారు.

పాలమూరులో ఒక పల్లినూనె మిల్లు గోదాము అది. వారం రోజులుగా అక్కడ ఇదే తంతు. ఓటంటే ఏమిటో, హక్కంటే ఏమిటో మిల్లు కూలీలకు చెప్పడానికి ఆ కూలీల్లోంచే పంతుళ్లను తయారుచెయ్యాలట. పట్నం నుంచి దిగిన రఘుపతి సారు ఆ పంతుళ్లకు పంతులు. స్వరాజ్యం వచ్చిన ఇన్నేళ్లకు కూలీల మీద ప్రేమ పొంగింది కాబోలు, మిల్లు యజమాని గోదాములో ఒక మూల ఖాళీ చేయించి చాప పరిపించాడు. పల్లికాయల పొట్టు దుమ్ము మాత్రం అలాగే ఉంది.

చాప పక్కన మంచినీళ్ల కుండ, దాని మీద చెంబు. కాంటా దగ్గర పనిచేసే ఐలేశం వాటికి కావలి. ఎవరూ పెట్టలేదు, తనే పెట్టుకున్నాడు. మిగతావాళ్లంతా చెంబు ఎత్తి గటగటా తాగేవాళ్లు. ఇస్రాయేలు వంతు వచ్చేసరికి ఐలేశం చెంబు పైకెత్తి ధార పోసేవాడు. ఇస్రాయేలు నడుము వంచి, దోసిలి పట్టి తాగేవాడు. మనుషులంతా సమానం అన్న పాఠం అయిన మరుక్షణం కూడా అంతే. చూస్తే కడుపులో దేవాల్సిన సంగతి. అక్కడ ఎవరికీ దేవలేదు.

సారుకు మాత్రం దేవేది. ధార పడుతుంటే ముఖం పక్కకు తిప్పుకుని "ఛీ" అనేవాడు. ఒకసారి బయటికి వెళ్లి ఉమ్మి వచ్చాడు. ఆపమని మాత్రం ఒక్కనాడూ అనలేదు. ఆ ఛీ ఇస్రాయేలుకేనని అందరూ తేల్చేసుకున్నారు. ఇస్రాయేలు కూడా.

ఎందుకు తేల్చుకోరు? సారు పోస్టాఫీసు వెనక కిరాయి గదిలో తలుపేసుకుని ఒక్కడే తినేవాడు. ఎవరైనా పిలిస్తే ఆకలి లేదనేవాడు. గొంతు బొంగురుపోయేదాకా పాఠం చెప్పినా ఆ కుండవైపు చూసేవాడు కాదు.

"మన కుండల నీళ్లు సారుకెట్ల దిగుతయి? మడి మనిషి గాయన" అన్నాడు ఐలేశం, గొప్పగా. అప్పటినుంచి సారంటే వాడికి మరింత గౌరవం.

ఆఖరి రోజు ఒక్కొక్కరు లేచి పాఠం చెప్పాలి. నెగ్గినవాడు పంతులు. ఇస్రాయేలు పని బాయిలర్‌లోకి పొట్టు ఎగదోయడం. నిరుడు ఆ మంట ముందే వాళ్ల అన్న పెద్దులు కుప్పకూలి, మళ్లీ లేవలేదు. పంతులైతే ఆ పని తప్పుతుంది. ఇస్రాయేలు పెళ్లాం సైదమ్మ మొగుడి అంగీని ఉతికి, గంజిపెట్టి, ముందురోజే దండెం మీద ఆరేసింది.

ఆ ముందురోజే ఇస్రాయేలు ధైర్యం చేసి సారును అడిగాడు.

"నేనేం తప్పు చేసిన సారూ? పొద్దుందాక నన్నే తిడుతున్నరు."

"నీ చేతులు చూస్తే నాకు అసహ్యం" అన్నాడు సారు, పళ్లు నూరుతూ.

ఇస్రాయేలు తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

"సబ్బుతోని కడుక్కోనే వస్తున్న సారూ."

సారు గబగబా వెళ్లిపోయాడు.

మర్నాడు ఇస్రాయేలు పాఠం బాగా చెప్పాడు. ఆ మాట ఒప్పుకోవాలి.

"ఓటు డబ్బకు కులం కనవడది. దొర ఏసినా ఒక్కటే, నేనేసినా ఒక్కటే. ఎవని ముంగట గూడ వంగే పనిలేదు" అన్నాడు. చేతులు పక్కనే ఉంచుకున్నాడు. కిసుక్కుమనేవాళ్లు కూడా విన్నారు. సారు కుర్చీలో ముందుకు జరిగాడు. ఆయన ముఖం మొదటిసారి వెలిగింది.

ఐలేశానికి ఇది కంటగింపైంది. చెంబు ముంచి లేచాడు.

"బాగ చెప్పినవ్ గని, గింతసేపు మాట్లాడితివి, దూపయితలేదా? రా, తాగు."

చెంబు పైకెత్తాడు.

చెంబు నా చేతికియ్యి పటేలా, అనాలనుకున్నాడు ఇస్రాయేలు. గొంతు నిజంగానే ఎండిపోయింది. నీళ్ల అంచు తళుక్కుమంది. అతను తలచుకోకుండానే నడుము వంగింది, రెండు చేతులూ కలిసి నోటికిందికి వచ్చాయి.

గోదామంతా గొల్లుమంది.

"ఫెయిల్!" సారు కుర్చీ తన్నేసి లేచాడు. "నోటితో చెప్పిందంతా చేతులతో చెరిపేశావు! ఎవడైనా చెంబెత్తితే చాలు, వంగిపోవడమేనా? సిగ్గులేదూ? నువ్వు పదిమందికి ఏం నేర్పుతావు? పో, బాయిలర్ దగ్గరికే పో!"

ఇస్రాయేలు దోసిలి విప్పలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఐలేశం మీసం దువ్వుకున్నాడు.

సారు ఇంకా ఏదో అరవబోయాడు. నోటినిండా పొట్టు దుమ్ము వెళ్లింది. దగ్గు మొదలైంది. మామూలు దగ్గు కాదు, ఊపిరాడనివ్వని దగ్గు. ముఖం కందగడ్డయింది, కళ్లు బయటికి వచ్చాయి, కాళ్లు తడబడ్డాయి.

"అయ్యో, సారుకు పొరవోయింది!" ఐలేశం పరుగెత్తాడు. మడి మనిషి కదా అని చెంబు బాగా తొలిచి, కొత్తనీళ్లు ముంచి, రెండు చేతులతో వినయంగా ముందుకు చాపాడు. "పట్టుండ్రి సారూ, తాగుండ్రి!"

రఘుపతి సారు చెంబు అందుకోలేదు. నడుము వంచి, రెండు చేతులూ దోసిలి చేసి నోటికింద పట్టి, పైనుంచి పడే ధార కోసం ఎదురుచూశాడు.