ఆగిన టిక్‌టిక్

రాత్రి రెండు దాటాక, గడియారాలు బాగుచేసే ఆయన గుండెలోంచి వచ్చే టిక్‌టిక్ శబ్దం ఆగిపోయింది. ఆయన బతికే ఉన్నాడు.

గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం లోపొర చీలితే ఆ వేసవిలో ఆపరేషన్ చేశారు. చీలినచోట గొట్టం కుట్టి, గుండెలో రెండు రెక్కల కృత్రిమ కవాటం పెట్టారు. రెక్కలు మూసుకున్నప్పుడల్లా పక్కమనిషికి వినపడేది. ఏది గుండో ఏది గడియారమో తేలక భార్య పడగ్గదిలో గడియారాలన్నీ ఆపించింది.

ఇప్పుడు ఆ నిశ్శబ్దానికే ఆమెకు మెలకువ వచ్చింది. భర్త ఛాతీకి చెవి ఆనించింది.

"ఏంటే, గడియారానికిలా కీ తిప్పుతావా?" అన్నాడు ఆయన, కళ్లు తెరవకుండానే.

"మాట్లాడకండి. వినపడట్లేదు."

"పోన్లే, ఇవాళైనా హాయిగా నిద్రపో."

"మీ వేళాకోళం తగలెయ్య! లేవండి, ఆస్పత్రికి పోదాం."

మెట్లు దిగుతూ ఆయన ఆయాసంతో ఆగాడు. ఆమె మణికట్టు పట్టుకుంది. నాడి కొట్టుకుంటోంది. శబ్దం లేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. స్కానింగ్ చేసింది. "కవాటం దగ్గర రక్తం గడ్డకట్టినట్టుంది. చాలా అరుదుగా జరుగుతుంది. వెంటనే లోపలికి తీసుకెళ్లాలి" అంటూ స్కానింగ్ తెర వాళ్లవైపు తిప్పింది.

జీవితమంతా చక్రాలు చూసిన మనిషి తన గుండెను చూశాడు.

"ఆగిపోయిందా అండీ?" అంది భార్య.

"లేదే. ఇదిగో, చూడు."

రెండు రెక్కల్లో ఒకటి కదలడం లేదు. రెండోది కదులుతోంది.