చుక్కల్లేని గడి

ఆకాశంలో ఒక ముక్క మాయమైంది!

ల్యాప్‌టాప్ మీదకు వంగి లావణ్య మళ్లీ చూసింది.

ఆకాశాన్ని గళ్లుగా విడదీసి, ఇంటర్వ్యూ కోసం అందరికీ పంపిన నక్షత్రాల పట్టిక నుంచి ఏ గడిలో ఎన్ని చుక్కలున్నాయో లెక్కగట్టి గీసిన పటం అది. గళ్లు పెద్దగా ఉన్నప్పుడు బాగానే ఉంది. ఇప్పుడు చిన్నవి చేసేసరికి నడుమ నల్లటి చదరం తేలింది.

ఈ మధ్యాహ్నమే జగిత్యాలలో ఇంటర్వ్యూ. పటం బాగుంటేనే రీసెర్చ్ సీటు.

సకల జనుల సమ్మె. బస్సుల్లేవు. సిరిసిల్లలో జీపెక్కితే, నడిదారిలో రోడ్డు మీదే ఉద్యమకారుల వంటావార్పు. వండి, అందరూ తినేదాకా బండి కదలదు.

"ఏం బిడ్డా, మొకం గట్ల వేలాడేసినవ్?"

పక్కన ఉల్లిగడ్డలు కోస్తున్న పెద్దామె. ఆమె కారూ వెనకెక్కడో ఆగిపోయిందట.

లావణ్య ఉన్నదంతా చెప్పేసింది.

"గంతేనా? చుట్టుపక్కల గళ్ల సగటు తీసి అండ్ల పెట్టు. ఎవలికి తెలుస్తది?"

"లేని చుక్కలు ఏడికెల్లి తేవాలె పెద్దమ్మా?"

"నల్లమబ్బు అడ్డమచ్చిందేమో."

"మబ్బయితే అంచు మెల్లమెల్లగ పలుచబడుతది. గిది సూడు, కత్తెర పెట్టి కోసినట్టుంది. అసలు పట్టికల ఆ గడి వరుసలే లేవు. ఎవడో కావాలని లేపేసిండు!"

"మరి సీటు పోతది గద?"

"పోనీ! ఖాళీని ఖాళీగనే చూపిస్త. గిసొంటి దొంగ సలహాలు నాకియ్యకు. ముందు ఆ ఉల్లిగడ్డలు సక్కగ కొయ్యి!"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు గొల్లున నవ్వారు. పెద్దామె తలొంచుకుని కోసింది.

అన్నాలు ముగిసేసరికి ఇంటర్వ్యూ వేళ దాటిపోయింది. జై తెలంగాణ నినాదాలతో రోడ్డంతా దద్దరిల్లుతుంటే లావణ్య ఒక్కతే కళ్లు తుడుచుకుంది.

"జగిత్యాలకే గద? నా కార్ల రా," అంది పెద్దామె.

"ఇగ పోయి ఏం లాభం? అంతా అయిపోయుంటది."

పెద్దామె కొంగుకు చేతులు తుడుచుకుంది.

"నేను లేంది ఇంటర్వ్యూ ఎవలు చేస్తరు? నిన్న అచ్చినోళ్లల్ల సగం మంది ఆ గడిని చూడనేలే. చూసినోళ్లు సగటు పెట్టి పూడ్చుకచ్చిండ్రు. లేదని చెప్పే ధైర్యం నీ ఒక్కదానికే ఉంది. సీటు నీదే బిడ్డా. గా చుక్కల్ని లేపేసిన దొంగను నేనే."