బోర్డు మీద లేని పేరు

“మీ నాన్న పేరు లేదే ఇందులో!”

కాత్యాయని పులిహోర గిన్నె బల్ల మీద పెట్టి, మళ్ళీ మొదటి నుంచి చదివింది. నల్లరంగు వేసిన చెక్క బోర్డు. పైన ఇటాలియన్‌లో ఏదో ఒక వాక్యం, దాని కింద బంగారు రంగులో అయిదు పేర్లు. కేశవరావు అన్న పేరు ఎక్కడా లేదు.

“సరిగ్గా చూశావా?” అంది కూతురు తన్మయి, కారు తాళాలు బ్యాగులో వేసుకుంటూ.

“అయిదు పేర్లు చదవడానికి ఎంతసేపే? విన్చెంజో ఉన్నాడు. సాల్వతోరే ఉన్నాడు. డొమెనికో కూడా ఉన్నాడు, ఇంటిపేర్లతో సహా. మిగతా ఇద్దరూ ఎవరో, ఈ షెడ్డులో ఒక్క మేకు కొట్టిన పాపాన పోలేదు. వాళ్ళకీ చోటు దొరికింది!”

బోర్డు వెనక కొత్త పడవ నీలం, తెలుపు రంగుల్లో మెరుస్తోంది. వందేళ్ళ కిందట ఇటలీ నుంచి వలస వచ్చిన జాలరులు ఈ తీరంలో నడిపిన చేపల పడవకు నకలు అది. వాళ్ళ వారసులు విన్చెంజో, సాల్వతోరే, డొమెనికో రిటైరయ్యాక ముచ్చటపడి మొదలుపెట్టారు. ముచ్చటైతే పడ్డారు గానీ, చెక్క పలక వంచడం ఒక్కడికీ చేతకాలేదు. దేశం కాని దేశంలో, పాయింట్ కుక్ అనే పేటలో కూతురింట్లో ఉంటున్న కేశవరావు ఒక రోజు ఇటువైపు వచ్చి, వాళ్ళ అవస్థ చూడలేక చిత్రిక అందుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు షిప్‌యార్డులో వడ్రంగం చేసిన చెయ్యి మరి. రెండేళ్ళుగా పలకలకు ఆవిరి పట్టి వంచాడు, నీళ్ళు రాకుండా సందుల్లో పత్తి కూరాడు. ఇప్పుడు కూడా అందరితో కలిసి బయట రేవు దగ్గర, పడవను నీళ్ళలోకి దించడానికి దుంగలు పరుస్తున్నాడు.

“మోకాళ్ళు వాచేది ఆయనకి. నూనె రాసేది నేను. పేర్లు మాత్రం వాళ్ళవి!”

“అమ్మా, ప్లీజ్. ఇవాళ సీన్ చేయొద్దు. నాన్న వింటే ఫీలవుతారు.”

“మీ నాన్న ఫీలవడు. అదే నా బాధ.”

నిజమే. యార్డులో ఓడ నీళ్ళలోకి దిగిన ప్రతిసారీ శిలాఫలకం మీద మంత్రిగారి పేరు, చైర్మన్ పేరు చెక్కేవారు. గుడికి ట్యూబులైటు ఇచ్చినవాడి పేరు కూడా ఆ లైటు మీద ఉంటుంది. ఓడ కట్టినవాడి పేరే ఎక్కడా ఉండదు. రిబ్బను కత్తిరించేదాకా ఎండలో నిలబడి, కేశవరావు మిఠాయి పొట్లంతో నవ్వుతూ ఇంటికొచ్చేవాడు. ఆ నవ్వు చూస్తే కాత్యాయనికి ఒళ్ళు మండిపోయేది. ఇక్కడా అదే జరగనిస్తే తను ఆయన భార్యే కాదనుకుంది.

ఈ షెడ్డు నడిపే పడవల క్లబ్బు సెక్రటరీ హెలెన్ కుర్చీలు సర్దుతోంది. కాత్యాయని తిన్నగా ఆమె దగ్గరకు వెళ్ళి, తనకు వచ్చిన ఇంగ్లీషులో అడిగింది.

“ఈ బోర్డు ఎవరు రాయించారు?”

“కుటుంబాల వాళ్ళు. బాగుంది కదూ? మధ్యాహ్నం ఒక్కో పేరూ చదివి గంట కొడతాం.”

“మా ఆయన పేరు లేదు.”

హెలెన్ తెల్లబోయింది. “కేశవ్ పేరా? అందులో ఆయన పేరెందుకు ఉంటుంది?”

“ఎందుకు ఉండదు?”

“అది ఆ కుటుంబాలకు సంబంధించింది కదా. ఆయన పేరు అక్కడ ఉండకూడదు.”

ఇంతలో బయట భోజనాల వ్యాను హారన్ కొట్టింది. హెలెన్ సారీ చెప్పి పరుగెత్తింది.

“విన్నావా? మనం పరాయివాళ్ళం. చేతులు మాత్రం కావాలి, పేరు అక్కర్లేదు!”

తన్మయి ముఖం కూడా ఎర్రబడింది. “దిస్ ఈజ్ సో అన్‌ఫెయిర్ అమ్మా. మండే కమిటీకి ఈమెయిల్ పెడతాను.”

“మండే దాకా ఎవరాగుతారు? గంట కొట్టేది ఇవాళ.”

పనిబల్ల మీద బంగారు రంగు డబ్బా, సన్నటి కుంచె ఉన్నాయి. చివరి పేరు కింద బెత్తెడు ఖాళీ ఉంది. కాత్యాయని కొంగు బిగించింది.

“అమ్మా! ఏం చేస్తున్నావ్?”

“గుమ్మం దగ్గర నిలబడు. ఎవరైనా వస్తే చెప్పు.”

నలభై ఏళ్ళు ముగ్గులు పెట్టిన చెయ్యి. ఇంటిపేరుతో సహా ఇంగ్లీషులో రాసింది. ఒక్క అక్షరం వంకర పోలేదు. పెళ్ళి శుభలేఖలో తప్ప ఆయన పేరు అంత అందంగా ఆమె ఎక్కడా చూడలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“అమ్మా, విన్చెంజో అంకుల్ వస్తున్నారు!”

“రానీ. నాకేం భయం?”

విన్చెంజో గుండ్రంగా కట్టిన తెల్లపూల దండతో లోపలికి వచ్చాడు. పడవకు వేయడానికి కాబోలు, మనం కొత్త బండికి వేసినట్టు. నవ్వుతూ పలకరించబోయి, బోర్డు చూసి ఆగిపోయాడు. నవ్వు పోయింది.

“ఇది... ఎవరు రాశారు?”

“నేనే రాశాను. దాచను. మా ఇంట్లో ఎన్నిసార్లు భోంచేశావు నువ్వు? అన్నీ తెలిసి ఎలా ఊరుకున్నావు? నీకు పలక వంచడం నేర్పిందెవరు?”

“కేశవే నేర్పాడు. కానీ మేడమ్...”

“కానీ లేదు, గీనీ లేదు. నీ పేరు అందరికంటే పైన ఉంది. ఆయనది అందరికంటే కింద రాశాను. అదీ ఓర్చుకోలేవా? గంట కొట్టేటప్పుడు ఆయన పేరు కూడా చదవాలి. చదవకపోతే ఈ పడవ కదలనివ్వను!”

విన్చెంజో పూలదండ మెల్లగా బల్ల మీద పెట్టాడు. తల మీది టోపీ తీశాడు. ఆరని రంగులో ఉన్న కేశవరావు పేరు వైపు ఒకసారి, బయట దుంగ మోస్తున్న కేశవరావు వైపు ఒకసారి చూశాడు.

“ఆ పైనున్న పేరు నాది కాదు మేడమ్, నాకు తన పేరు వచ్చిన మా తాతది. ఆ అయిదుగురూ అప్పటి పడవతో పాటు సముద్రంలో మునిగిపోయినవాళ్ళు.”